కాదనడం రాని పడవవాడు

కొర్రెగూడెం,
దుమ్ముగూడెం మండలం.
9 జూన్ 2025

శారదక్కకు తమ్ముడి దండాలు.

నేను ఫోన్ ఎత్తడం లేదని బావ చేత కబురు పెట్టి మరీ తిట్టిస్తున్నావట. ఎత్తడానికి ఫోను నా దగ్గర లేదక్కా, గోదావరి అడుగున ఉంది. అందుకే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏందిరో, ప్రేమలేఖనా?" అన్నాడు. మా అక్కకు అన్నాను. ఆయనకు ఉన్న హుషారంతా పోయింది.

గోదావరిలో నీకేం పనిరా అంటావు. చెప్తాను. మన ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు ఉంది కదా, వానలు మొదలైతే దూలయ్య మామ తాటిదోనె తప్ప మనకు దిక్కు లేదు కదా. పోయిన ఏడు అది నడివాగులో తిరగబడి, ఎక్కిన వాళ్ళంతా చెట్ల వేళ్ళు పట్టుకుని బతికారు. ఈ ఏడు ఒక సంస్థ వాళ్ళు వచ్చి ఒడ్డు ఊళ్ళకు కొత్త ఫైబర్ పడవలు ఇస్తామన్నారు. ఒకటే షరతు. ఊరి మనిషి ఒకరు వాళ్ళ శిక్షణలో పాస్ కావాలి. పాసైన మనిషి లేకపోతే పడవ ఇంకో ఊరికి పోతుంది. ఎవరు పోతారని ఊరు కూర్చుంటే ఒక్కొక్కరూ ఒక్కో సాకు చెప్పారు. నాకు సాకు తట్టేలోపే తీర్మానం అయిపోయింది.

శిక్షణ గోదావరి రేవులో. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళం ఒక బ్యాచ్. నేర్పేది కవిత మేడం. సత్తుపల్లి పిల్ల, నీకంటే చిన్నది, నీకంటే గట్టిగా అరుస్తుంది. మొదటి రోజు దూలయ్య మామ కూడా మాతో వచ్చి, కొత్త పడవ ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. అందరం దండం పెట్టుకున్నాం. మేడం కూడా పెట్టుకుంది. పెట్టుకుని, "ఇప్పుడు ఎక్కి దీన్ని బోల్తా కొట్టించండి" అంది.

ఒక్కరూ కదల్లేదక్కా. మామ అయితే పోయి పడవకు అడ్డం కూర్చున్నాడు. "బొట్టు వెట్టిన పడవను చేతులార ముంచుతరా? గోదారమ్మ ఊకుంటదా?" అని. "మునగడం ఎట్లనో ఈడ నేర్వకపోతే రేపు వాగే నేర్పుతది మామా" అని మేడం. పొద్దెక్కేదాకా ఇదే పంచాయితీ. ఆఖరికి తీర్పు కూడా మామే చెప్పాడు. పొద్దున బొట్టు తుడిచి, తప్పు కాయమ్మా అని మొక్కి, ఎన్నిసార్లయినా తిరగేసుకోవచ్చు. సాయంత్రం మళ్ళీ బొట్టు పెట్టాలి. అప్పటి నుంచి రోజూ అదే పద్ధతి. ఇప్పుడు మేడమే కుంకుమ డబ్బీ సంచిలో వేసుకొస్తోంది.

"ముందు ఎవరు ఎక్కుతారు?" అని అడిగినప్పుడు ఆమె నా వైపు చూసింది. అంతే. ఫోను జేబులో ఉందని నీళ్ళలో పడ్డాక గుర్తొచ్చింది.

అమ్మ బాగుంది. కొర్రలకు చేను దున్నించింది. బావనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

తడిసిన నీ తమ్ముడు,
చిరంజీవి


ములకలపల్లి,
17 జూన్ 2025

చిరంజీవి తమ్ముడు చిరంజీవికి అక్క దీవెనలు. (నాన్న నీకు ఆ పేరు పెట్టిన రోజున ఉత్తరాలు రాసేవాళ్ళ చేతుల గురించి ఆలోచించలేదు.)

నీ ఉత్తరం కంటే నీ వార్త ముందొచ్చింది. పాల్వంచ బస్సులో మన ఊరామె ఒకామె కనిపించి, "మీ తమ్ముడు గోదాట్ల పడ్డడట గదా శారదా, ఇప్పుడెట్లున్నడు?" అంది.  అమ్మకు కబురు పంపితే, అమ్మ అప్పటికే ముత్యాలమ్మకు కోడిని మొక్కేసిందట. మర్నాడు నువ్వు మళ్ళీ పడ్డావని ఎవరో చెబితే ఇంకోటి మొక్కిందట. నేనూ ఇక్కడ నుంచి ఒకటి మొక్కాను. తీరా నీ ఉత్తరం చూస్తే పడడమే పాఠం అంటున్నావు. నువ్వు పాఠం నేర్చినప్పుడల్లా ఒక కోడి మెడ మీదికి వస్తోందిరా. కాస్త నిదానంగా నేర్చుకో.

ఊరు నిన్నే ఎందుకు పంపిందో నాకు అర్థమైంది. ఈ భూమ్మీద నీ అంత తేరగా దొరికే మనిషి ఇంకెవడూ లేడు. పిల్లను చూడడానికి పోవాల్సిన రోజున పక్కింటివాళ్ళు అడిగారని ఆటో ఇచ్చేసి, కొత్త చొక్కాతో నడిచి దుమ్ము కొట్టుకుని పోయావు. "పిల్లగానికి ఆటో ఉన్నదంటిరి?" అని వాళ్ళడిగితే నీళ్ళు నమిలావు. మీ బావ ఊరికే నీ చెప్పులు బాగున్నాయిరా అన్నందుకు ఉత్త కాళ్ళతో ఇంటికి పోయావు. ఆయన ఆ చెప్పులు ఇంకా వేసుకుంటున్నాడు, సిగ్గులేకుండా.

ఎగతాళి పక్కనపెట్టి చెప్తున్నాను, నాకు భయంగా ఉంది. నాన్న పోయాక నిన్ను చంకనేసుకుని తిరిగింది నేను. ఆ వాగులో నా కొంగు పట్టుకునే ఈత నేర్చావు. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెప్తూ కూడా నీ గురించే ఆలోచిస్తున్నాను. ఎట్లాగూ దిగావు కాబట్టి సరిగ్గా నేర్చుకో.

కొత్త కొర్రలు వండే కొత్తల పండుగకు ఏటా లాగే వస్తాను. నీ పడవలోనే దాటుతాను. అది బొట్టు పెట్టిన పూట అయి ఉండాలి.

నీ అక్క,
శారద


కొర్రెగూడెం,
1 జూలై 2025

శారదక్కకు దండాలు.

కోళ్ళ సంగతి అమ్మను నిలదీశాను. "పడ్డోనివి నువ్వు, లేపింది ముత్యాలమ్మ, నడుమ నీకేంది?" అంది. ఆ తర్వాత కోయలో ఇంకో మాట అంది. అది తెలుగులో రాస్తే పోస్టాఫీసు వాళ్ళు ఉత్తరం తీసుకోరు.

శిక్షణ బాగా సాగుతోంది. అక్కా, మనకు నీళ్ళలో పుట్టి పెరిగాం అనే పొగరు ఉంది కదా, అది సగం దిగింది. వడి నీళ్ళలో పడితే ఈదడానికి కొట్టుకోకూడదట. వెల్లకిలా తిరిగి, కాళ్ళు దిగువకు చాపి, బండలు వస్తే పాదాలతో తన్నుకుంటూ పోవాలి. నిలబడడానికి అసలు చూడకూడదు, పాదం రాళ్ళ సందున ఇరుక్కుంటే నీళ్ళు మనిషిని వంచేస్తాయి. వాగు దాటేటప్పుడు నేరుగా అవతలి ఒడ్డుకు తెడ్డు వేయకూడదు. పడవ ముక్కును కొంచెం ఎగువకు పెట్టి వేస్తే వాగే మనల్ని పక్కకు జరుపుతుంది. సంచిలో చుట్టిన తాడు విసరడం కూడా వచ్చింది. మొదట నేను విసిరిన తాడు మేడం టోపీకి తగిలింది. ఇప్పుడు మనిషికి అందుతోంది. అన్నిటిలో నేనే ముందున్నానని మేడం అందరి ముందూ చెప్పింది.

చెప్పి, ఫెయిల్ చేసింది.

ఆఖరి పాఠం ఒకటి ఉంది. ఎప్పుడు పడవ తీయకూడదో తెలుసుకుని, తీయనని చెప్పడం. ఆ రోజు నీళ్ళు పెరిగినట్టు, నేను పడవవాడిని అయినట్టు అనుకోమంది. పడవలో ముగ్గురికే చోటు. దూలయ్య మామ వచ్చి కడుపు పట్టుకుని, "బిడ్డా, దవాఖానకు పోవాలె, జల్దీ" అన్నాడు. నాటకమని తెలుసు. అయినా ఎక్కించుకున్నాను. ఆయన వెనకే ఆయన సంచి మోసే మనిషి, ఆ మనిషి వెనక సొంత పనుల మీద పోయేవాళ్ళు. చూస్తుండగా పడవ అంచు దాకా నీళ్ళు. మేడం ఒడ్డు మీద తల పట్టుకుంది. "తెడ్డు వేయడం నీకు నేను నేర్పిన. కాదనడం మీ ఇంట్ల ఎవరన్న నేర్పాలె" అంది.

ఆగస్టులో ఇంకో అవకాశం ఇస్తుందట. అదీ పోతే మన ఊరి పడవ పోయినట్టే. 

నీ తమ్ముడు,
చిరంజీవి


ములకలపల్లి,
9 జూలై 2025

ఫెయిలైన తమ్ముడికి పాసైన అక్క దీవెనలు.

మీ మేడం మన ఇంటిని గురించి సరిగ్గానే అంది. మన ఇంట్లో కాదనడం వచ్చినది నాకొక్కదానికే. నీ వాటా కూడా నేనే తీసుకుని పుట్టినట్టున్నాను. కాబట్టి నేర్పే బాధ్యత నాది. ఈ రోజు నుంచి ప్రతి ఉత్తరంలో నిన్ను ఏదో ఒకటి అడుగుతాను. అడిగేది నీ అక్క. బతిమాలతాను, ఏడుస్తాను, నాన్న పేరు తీస్తాను. నువ్వు మాత్రం తిరుగు ఉత్తరంలో ఒక్కటే మాట రాయాలి. కుదరదు. కారణాలు చెప్పకూడదు, ఏమనుకోకు అనకూడదు.

మొదటి పాఠం. తమ్ముడూ, నీ ఎర్రపుంజు ఉంది కదా, నువ్వు పేరు పెట్టి పిలుచుకుంటావు చూడు, అది నాకు కావాలి. నా మొక్కు అట్లాగే ఉండిపోయింది. ఇక్కడ మంచి పుంజు దొరకడం లేదు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు చెప్పు.

ఇప్పుడు జవాబు రాయి. ఒక్క మాటే.

నీ గురువు,
శారదక్క


కొర్రెగూడెం,
21 జూలై 2025

శారదక్కకు దండాలు.

కుదరదు అని రాయడానికి మూడు కాగితాలు చింపాను. రాస్తాను, నువ్వు మొక్కు తీరక ఇబ్బంది పడుతున్నట్టు కళ్ళ ముందుకు వస్తుంది. అది పాఠమో, నిజమో, పాఠంలో నిజమో నాకు తెలియలేదు. పుంజును బుట్టలో పెట్టి భద్రాచలం బస్సు డ్రైవర్‌కు ఇచ్చాను. తెలిసినవాడే, పాల్వంచలో ఇంకో బస్సు వాళ్ళకు అందిస్తానన్నాడు. దానికి ఉదయం కొంచెం నూకలు, మధ్యాహ్నం నీళ్ళు. ముట్టుకుంటే పొడుస్తుంది కానీ మనసు మంచిది.

నీ శిష్యుడు,
చిరంజీవి


ములకలపల్లి,
3 ఆగస్టు 2025

ఓరి దేవుడా, నిన్ను ఏం చేయాలిరా నేను!

పుంజు వచ్చింది. బస్సు దిగుతూనే కండక్టర్ వేలు పొడిచింది. మీ బావను పొడిచింది, ఆయన కాళ్ళకున్న నీ చెప్పులు చూసి గుర్తుపట్టింది కాబోలు. తెల్లారక ముందే కూసి వీధంతా లేపుతోంది. కోద్దామంటే పిల్లలిద్దరూ దాన్ని వాటేసుకుని ఏడుపు. ముత్యాలమ్మకు ఇంకో కోడిని ఇచ్చి మొక్కు తీర్చుకున్నాను. ఇది ఇప్పుడు మా ఇంట్లో అల్లుడిలా తిని తిరుగుతోంది.

ఇంకోసారి ప్రయత్నిద్దాం. ఈసారి అడిగేది చిన్నది. ఊరికి పడవ వస్తే దాని పక్కన పెద్దక్షరాలతో శారద అని నా పేరు రాయించు. రాయిస్తే ఈ జన్మకు నీ ముఖం చూడను, గుర్తుంచుకో.

అన్నట్టు, కొత్తల పండుగ సెప్టెంబరు నాలుగు, గురువారం అని కబురు తెలిసింది. మాకు ఆ వారమంతా కొత్తగూడెంలో అంగన్‌వాడీ ట్రైనింగ్ వేశారు, శుక్రవారం దాకా వదలరు. ఊరు ఎట్లాగూ గురువారమే చేసుకుంటుంది. మన ఇంటి వరకు శనివారం దాకా ఆపించు. కొత్త కొర్రలు వండి ముందు ఆడపడుచు ఆకులో పెట్టాకే కదా మన ఇంట్లో ఎవరైనా తినేది. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక కూడా ఒక్క ఏడు తప్పలేదు నేను. అమ్మకు చెప్పు.

శారదక్క


కొర్రెగూడెం,
18 ఆగస్టు 2025

శారదక్కకు పాసైన తమ్ముడి దండాలు!

అవ్ అక్కా, పాసయ్యాను. పరీక్ష రోజు వాన. మామ మళ్ళీ వచ్చాడు, కడుపు పట్టుకుని. ఈసారి కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. నేను తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నిన్ను తలుచుకున్నాను. నువ్వు మధిర మామ పెళ్ళిలో వంటవాడితో గొడవ పడినప్పటి ముఖం ఉంది చూడు, అదే. "కుదరదు మామా" అన్నాను. ఆయన బతిమాలాడు. కుదరదన్నాను. తిట్టాడు. కుదరదన్నాను. అప్పటికి ఆయనకు అది నాటకమన్న ధ్యాస పోయింది. "నీ నాయినను ఎత్తుకొని తిప్పిన చేతులురా ఇవి!" అన్నాడు. నేను తెడ్డు తీయలేదు. మేడం విజిల్ వేసింది. మామ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పడవను ఊరికి తెచ్చేటప్పుడు ఆయనే ముందు నడిచాడు.

నీ పాఠాలకు జవాబులు కూడా తీసుకో. పడవ మీద నీ పేరు: కుదరదు. పండుగ శనివారం దాకా ఆపడం: కుదరదు! ఈసారి పాఠాన్ని పండుగలో దాచి పెట్టావు కదా, దొరికిపోయావు. నాన్న పేరు తీయకపోయినా ఆడపడుచు ఆకు దాకా వచ్చావు. నువ్వు వచ్చినా రాకున్నా పండుగ గురువారమే.

చూశావా, ఎంత బాగా వచ్చిందో!

చిరంజీవి


ములకలపల్లి,
29 ఆగస్టు 2025

తమ్ముడికి,

పాసైనందుకు సంతోషం. పడవ వచ్చినందుకు ఇంకా సంతోషం.

పండుగ సంగతి పాఠం కాదు. పాఠం పడవ మీద పేరుతోనే అయిపోయింది. నాకు నిజంగానే ట్రైనింగ్ ఉంది. నువ్వు అర్థం చేసుకోలేదని మీ బావ అంటున్నాడు. వాడికి కాదనడం నువ్వే నేర్పావు, ఇప్పుడు ఏడవకు అని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రావడం లేదు. వచ్చినా రాకున్నా అన్న మాట ఆటలోనైనా నీ చేతికి ఎట్లా వచ్చిందా అని చూస్తున్నాను.

నేను శనివారమే వస్తాను. చిన్నదాన్ని తీసుకుని వస్తాను. మిగిలింది ఏదైనా ఉంటే పెట్టండి.

శారద


ములకలపల్లి,
8 సెప్టెంబరు 2025

చిరంజీవికి,

దీవెనలు తర్వాత. ముందు నువ్వు నాకు ఒకటి చెప్పు. నేను నీకేం చేశాను?

శనివారం మధ్యాహ్నం వాగు ఒడ్డుకు వచ్చాం, నేనూ చిన్నదీ. వాన ఆగి ఎండ కాస్తోంది. అవతల నువ్వు, నీ పక్కన అమ్మ, పక్కనే చెట్టుకు కట్టిన పడవ. అన్నీ కనిపిస్తున్నాయి. నేను చెయ్యి ఊపాను. నువ్వు తెడ్డును రెండు చేతులతో తల మీదికి అడ్డంగా ఎత్తి నిలబడ్డావు. సంతోషం పట్టలేక ఆడుతున్నావనుకున్నాను. చిన్నది చప్పట్లు కొట్టింది. నేను నవ్వుతూ నిలబడ్డాను. నువ్వు దించలేదు. నేను పిలిచాను, నీళ్ళ హోరులో నీకు వినబడిందో లేదో. కొంగు ఊపాను. నువ్వు తల అడ్డంగా ఊపావు. అది మాత్రం నాకు బాగా అర్థమైంది.

నీళ్ళు ఎక్కువే ఉన్నాయి, నాకు కళ్ళు లేవా? కానీ నా ఒడ్డు దగ్గర అవి నెమ్మదిగానే పోతున్నాయి. దూలయ్య మామ అంతకంటే పెద్ద నీళ్ళలో తాటిదోనె మీద దాటించేవాడు. గవర్నమెంటు టీచర్లు ఇద్దరు వచ్చి చూసి, వెనక్కి పోయారు. వాళ్ళ ముందు నేను, "మా తమ్ముడే పడవ నడిపేది, ఇప్పుడొస్తడు" అని గొప్పగా చెప్పి ఉన్నాను. పొద్దు వాలేదాకా నిలబడ్డాను. నువ్వూ నిలబడ్డావు. రాలేదు. తెచ్చిన బెల్లం, అమ్మకు చీర ఉన్న బుట్టను అక్కడే కానుగ కొమ్మకు తగిలించి వచ్చేశాను.

ఊళ్ళో ఎవరినీ కాదనలేని నీకు కాదనడానికి నేను దొరికానా? నేర్పినందుకా? బస్సులో ఏడ్చాను. అందరూ చూశారు. పట్టించుకోలేదు. చిన్నది ఇంటి దాకా "మామకు మనమంటే కోపమా?" అని అడుగుతూనే ఉంది. 

శారద


కొర్రెగూడెం,
12 సెప్టెంబరు 2025

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఈ రోజే, ఒకేసారి చేతికొచ్చాయి. వాగు పొంగి పోస్టాయన వారం దాటి ఇవ్వాళే వచ్చాడు. ముందు ఆగస్టు ఉత్తరం చదివాను. పండుగ మాట నువ్వు నిజంగా అడిగావని అప్పుడు తెలిసింది. ఆ మాట ఎంత సంబరంగా రాశానో తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది. అది నా బుద్ధిహీనత. నీ కాళ్ళు పట్టుకుంటాను.

కానీ శనివారం చేసింది బుద్ధిహీనత కాదు. దానికి కాళ్ళు పట్టుకోను.

తెడ్డు తల మీద అడ్డంగా పట్టుకుంటే మా శిక్షణలో ఆగు, రావద్దు అని అర్థం. నీకు చెప్పలేదు, చెప్పాల్సింది. నీ ఒడ్డు వాగు వంపు లోపల ఉంది, అక్కడ నీళ్ళు ఎప్పుడూ నెమ్మదే. నీకు కనబడనిది నాకు కనబడుతోంది. తెల్లవారుజామున ఒక పెద్ద మద్దిచెట్టు వేళ్ళతో సహా కొట్టుకొచ్చి నడిమధ్య బండకు తట్టుకుంది. పైకి రెండు ఆకులే తేలుతున్నాయి, చెట్టంతా నీళ్ళ కిందే. ఆ రోజు ఉన్న వడికి పడవను ఎంత ఎగువ నుంచి తీసినా దాని మీదికే ఈడుస్తుంది. నీళ్ళు కొమ్మల సందుల్లోంచి దూరి పోతాయి, మనిషి పోడు. అట్లా చిక్కుకున్న మనిషిని తాడు వేసినా లాగలేరని మేడం చెప్పిన రోజు మా బ్యాచ్‌లో ఒక్కరు కూడా నవ్వలేదు.

పడవ పక్కనే కట్టి ఉంది, అవ్. నేను తాడు విప్పాను. మళ్ళీ కట్టాను. నువ్వు కొంగు ఊపినప్పుడు మళ్ళీ విప్పాను. అమ్మ నా జబ్బ పట్టుకుని, "నీ అక్కరా అది, గట్ల నిలబెడ్తవా? తోల్కరా పో" అంది. కుదరదన్నాను. అమ్మ నన్ను కొట్టింది. ఊళ్ళో వాళ్ళు వచ్చి, పడవ వచ్చాక నీకు కండ్లు నెత్తికెక్కినయి అన్నారు. దూలయ్య మామ ఒక్కడే నా పక్కన కూర్చున్నాడు.  నువ్వు వెనక్కి తిరిగిపోతుంటే నేను తెడ్డు దించాను. అప్పటిదాకా చేతులు నొప్పి పుట్టిన సంగతే తెలియలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను అక్కా. నాకు నీ మీద కోపమా? ఆ ఒడ్డు మీద ఇంకెవరు నిలబడి ఉన్నా ఇంత కష్టమయ్యేది కాదు.

ఇంకో సంగతి. గురువారం ఊరంతా కొత్త తిన్నది. మన ఇంట్లో తినలేదు. అక్క ఆటకు రాసిందమ్మా, పండుగ చేద్దాం అని నేనంటే, "ఆట గీట నాకు దెల్వది. ఆమె ఆకుల పెట్టేదాక ఈ ఇంట్ల కొత్త లేదు" అని అమ్మ కొర్రల కుండ మూత కట్టేసింది. శనివారం నువ్వు వస్తావని నన్ను ఒడ్డుకు తీసుకొచ్చింది కూడా ఆమే. ఇప్పటికీ కట్టే ఉంది. మేం పాత బియ్యమే తింటున్నాం.

చిరంజీవి


ములకలపల్లి,
17 సెప్టెంబరు 2025

మా బంగారు తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావ పైకి చదివాడు. సగంలో ఆయన ఉత్తరం నా చేతిలో పెట్టి లేచిపోతే మిగతాది నేనే చదువుకున్నాను. ఆయన నీ చెప్పులు తిరిగి ఇచ్చేస్తానంటున్నాడు. ఇప్పుడు అవి ఎవరికీ పనికిరావు, వద్దులే అన్నాను.

నీకొకటి చెప్పాలి. ఆ రోజు నేను ఒడ్డు మీద ఉండగా ఒక పెద్ద దుంగ కొట్టుకొచ్చింది. చిన్నది వేలు పెట్టి చూపించింది. అది వాగు నడుమ దాకా వచ్చి, కనబడకుండా పోయింది. మళ్ళీ పైకి రాలేదు. "అమ్మా, కట్టె ఏడికి పోయింది?" అని అది అడిగింది. నేను నీ మీద కోపంతో ఉన్నాను, నోరు మూసుకోమన్నాను. నీ ఉత్తరంలో మద్దిచెట్టు మాట చదివినప్పుడు ఆ దుంగ గుర్తొచ్చింది.

నువ్వు పడవ తెచ్చి ఉంటే ఎక్కేదాన్ని తమ్ముడూ. ఒక్క క్షణం కూడా ఆలోచించేదాన్ని కాదు. భయపడేదాన్ని కూడా కాదు, నడిపేది నువ్వు కదా. ముందు చిన్నదాన్ని ఎత్తి నీ చేతికి అందించేదాన్ని. రెండు రోజులుగా ఇదే తలుచుకుని పని చేయలేకపోతున్నాను. నిద్రపోతున్న దాన్ని ఊరికే తాకి చూస్తున్నాను.

నేను నీకు ఏదో నేర్పానని గొప్పలు పోయాను. కాగితం మీద పుంజును అడిగితే కాదనడం ఎవరైనా నేర్చుకోవచ్చు. అమ్మ కొడుతుంటే, అక్క ఏడుస్తుంటే, ఊరు తిడుతుంటే కాదనడం నేను నేర్పింది కాదు. అది నాకు కూడా రాదు. మీ మేడంకు నా తరఫున దండం పెట్టు. దూలయ్య మామకు కూడా పెట్టు.

పుంజు బాగుంది. నిన్న మా సూపర్‌వైజర్‌ను పొడిచింది. ఆమె కూడా నిన్ను అడిగింది, తిట్టుతో సహా రాయమంది, తిట్టు నేనే మానేశాను.

అమ్మను ఆ కుండ మూత తీయమని చెప్పు. నేను లేకపోయినా మీరు తినండి.

నీ అక్క,
శారద


కొర్రెగూడెం,
21 సెప్టెంబరు 2025

శారదక్కకు దండాలు.

అమ్మ మూత తీయదట. నీకు ఎదురు చెప్పడం ఆమెకూ వచ్చేసింది, నేను నేర్పలేదు.

నీళ్ళు దిగాయి. నిన్న కవిత మేడం వచ్చింది. తాళ్ళు కట్టి, ఊరంతా ఒక పక్కన నిలబడి ఆ మద్దిచెట్టును ఒడ్డుకు లాగాం. నన్ను తిట్టిన వాళ్ళే ముందు తాడు పట్టుకున్నారు. చెట్టు మొత్తం బయటపడ్డాక చూస్తే దాని కొమ్మల్లో ఒక దుంగ ఇరికి ఉంది. చిన్నది వేలు పెట్టి చూపించిన దుంగ అదే అయి ఉంటుంది. అమ్మ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

నువ్వు చిన్నదాన్ని తీసుకుని రా. దాని కొలతకు లైఫ్ జాకెట్ ఒకటి మేడం దగ్గర అడిగి తీసుకున్నాను. నీకూ ఉంది. కొంగు పైకి రాదు, జుట్టు నలుగుతుంది అంటావు. వేసుకోనిదే పడవ కదలదు.

ఈ ఉత్తరం నీకు చేరేలోపు మళ్ళీ వాన పడుతుందేమో తెలియదు. ఒడ్డుకు వచ్చాక నీళ్ళు వరద బురదతో ఎర్రగా కనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి పో. నువ్వు పోతుంటే చూడడం నాకు ఈసారి కూడా కష్టంగానే ఉంటుంది, అయినా పో. తేటగా ఉంటే మాత్రం కదలకు, నేనే వస్తాను.

నీ తమ్ముడు,
చిరంజీవి